గోడమీది మాట, గదిలోని మాట



నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చివరి కొన్నేళ్లు శిక్షణ కళాశాలలో, కొత్తగా ప్రమోషన్ మీద వచ్చిన మేనేజర్లకు నాయకత్వం గురించి పాఠాలు చెప్పాను. ఇవాళ మాట్లాడబోయేది ఆ పాఠాల గురించే. అయితే వాటికంటే ముందు ఒక మార్చి 31 సాయంత్రం గురించి చెప్పాలి.

అప్పట్లో కృష్ణా డెల్టాలో ఒక చిన్న ఊరి బ్రాంచికి నేను మేనేజరుని. మార్చి 31 అంటే ఏమిటో బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఆ రాత్రి నాన్న ఎప్పుడొస్తాడో అమ్మ చెప్పలేదు. ఆ సాయంత్రం మా బ్రాంచి వరండాలో రైతులు బారులు తీరి కూర్చున్నారు, పంట రుణాల రెన్యువల్ కోసం. పాత అప్పుకు వడ్డీ కలిపి ఆ మొత్తానికి కొత్త అప్పు రాస్తాం. ఆ కొత్త అప్పుతో పాతది తీరినట్టు చూపిస్తాం. ఒక్క రూపాయి చేతులు మారదు. రైతు సంతకం పెడతాడు, చదువు రానివాడైతే వేలిముద్ర వేస్తాడు. తెల్లారేసరికి పుస్తకాల్లో రికవరీ నూటికి తొంభై దాటుతుంది.

ఇలా చేయమని నేను ఎవరికీ నోరు తెరిచి చెప్పలేదు. నా దగ్గర ఒక ఫీల్డ్ ఆఫీసరు ఉండేవాడు. ముప్పై ఏళ్లు కూడా నిండని కుర్రాడు, వ్యవసాయ డిగ్రీ చదివి వచ్చాడు. ఫిబ్రవరి నుంచి ప్రతి సాయంత్రం అతన్ని ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి. "ఎంతవరకు వచ్చింది?" అంతకు మించి ఒక్క మాట లేదు. ఎలా వచ్చిందని ఏనాడూ అడగలేదు.

ఆ బ్రాంచి నుంచి బదిలీ అయ్యే ముందు ఒక పెద్దాయన నా ఎదుట కూర్చుని పాస్‌బుక్కు బల్ల మీద పెట్టాడు. 20,000 రూపాయల అప్పు నాలుగేళ్లలో 32,000 దాటింది. "ఏటా సంతకం పెడుతూనే ఉన్నాను గదా సారూ, పెట్టినప్పుడల్లా పాతది తీరిపోయిందన్నారు గదా" అన్నాడు. ఆ నాలుగు సంతకాల్లో రెండు నా హయాంలోవి. ఆయన కూర్చున్న కుర్చీకి వెనక గోడమీద ఒక బోర్డు ఉండేది. మన ఆవరణలో అడుగుపెట్టే అతి ముఖ్యమైన అతిథి ఖాతాదారుడేనని గాంధీజీ పేరుతో వేలాడే ఆ బోర్డును మీరూ ఏదో ఒక బ్యాంకులో చూసే ఉంటారు.

1974లో క్రిస్ ఆర్గిరిస్, డొనాల్డ్ షాన్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు ఒక సంగతి చెప్పారు. పనిచేసే ప్రతి మనిషి దగ్గరా రెండు సిద్ధాంతాలుంటాయట. నువ్వు ఎలా నడుచుకుంటావయ్యా అని అడిగితే చెప్పేది మొదటిది. అతని పనిని పక్కన నిలబడి గమనిస్తే తేలేది రెండోది. ఈ రెండూ వేరువేరని ఆ మనిషికి చాలాసార్లు తెలియనే తెలియదు. నా మటుకు నేను వాటికి గోడమీది మాట, గదిలోని మాట అని పేర్లు పెట్టుకున్నాను. నా గోడమీద ఖాతాదారుడే దేవుడు. నా గదిలో మాత్రం "ఎంతవరకు వచ్చింది?" అన్నదే మాట.

ఇంత చిన్న బ్రాంచి కథ చెప్పి ఇంత పెద్ద మాటలెందుకు అనిపించవచ్చు. అందుకని మన తెలుగువాళ్లందరికీ గుర్తున్న పెద్ద సంగతి ఒకటి చెబుతాను.

2009 జనవరి 7, బుధవారం. హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన బోర్డుకు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. కంపెనీ పుస్తకాల్లో చూపించిన నగదులో, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో ఆయనే ఒప్పుకున్నారు. అంతకు ముందరి సెప్టెంబరు త్రైమాసికంలో లాభం 649 కోట్లని ప్రకటించారు. నిజంగా వచ్చింది 61 కోట్లు. అప్పటికి ఆ సంస్థలో 50 వేల మందికి పైగా ఉద్యోగులున్నారు. పల్లెల నుంచి ఇంజనీరింగు చదివి వచ్చి, అక్కడ ఉద్యోగం దొరికితే ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్న కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో.

ఆ ఉత్తరంలో అంకెల కంటే నన్ను ఎక్కువగా ఆపిన మాట ఒకటుంది. అసలు లాభానికీ చూపించిన లాభానికీ మధ్య తేడా మొదట్లో చిన్నదేననీ, ఏళ్లు గడిచేకొద్దీ అది చేయిదాటిపోయిందనీ ఆయన రాశారు. పులి మీద స్వారీ చేస్తూ దిగే దారి తెలియని మనిషితో తన స్థితిని పోల్చుకున్నారు. ఆ వాక్యం చదివినప్పుడు నాకు ఆ పెద్దాయన పాస్‌బుక్కు గుర్తొచ్చింది. ఈ ఏటి వడ్డీ వచ్చే ఏటి అసలులో కలిసిపోతూ ఉంటుంది, కలిపినవాడికి ఆ రాత్రికి గండం గట్టెక్కినట్టే ఉంటుంది. నా తప్పునూ ఆ నేరాన్నీ ఒకే తక్కెడలో పెట్టడం లేదు. రెండూ ఒకే దారిలో మొదలవుతాయని మాత్రం చెబుతున్నాను.

సత్యం విషయంలో ఇంకో సంగతి గమనించండి. నాయకత్వ సిద్ధాంతాలు తెలిసినవాళ్లు లేకపోవడం అక్కడి లోటు కాదు. ప్రపంచంలో పేరున్న మేనేజ్‌మెంటు విద్యాసంస్థల ఆచార్యులు ఆ బోర్డులో ఉన్నారు. కంపెనీ పాలన బాగున్నందుకు 2008 సెప్టెంబరులో ఒక అంతర్జాతీయ పురస్కారం కూడా వచ్చింది, ఆనక దాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 16న, రాజుగారి కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనాలన్న ప్రతిపాదనకు బోర్డు ఆమోదం తెలిపింది. వాటాదారులు భగ్గుమనడంతో గంటల్లోనే ఉపసంహరించుకున్నారు. ఆ తర్వాత లోపలి విషయాలు తెలిసిన ఒకరు ఒక డైరెక్టరుకు ఈ-మెయిల్ రాశారు. సొంత పేరుతో కాదు, మారుపేరుతో. ఏడు వేలకు పైగా దొంగ ఇన్‌వాయిస్‌లు సృష్టించారని సీబీఐ చెప్పింది. అన్ని కాగితాలు ఒక్క మనిషి చేతి మీదుగా తయారుకావు. వాటిని చూసినవాళ్లు, ఎక్కడో తేడా ఉందని అనుమానించినవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. పేరు చెప్పుకుని నోరు విప్పే చోటు మాత్రం వాళ్లకు కనిపించలేదు.

2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం పది మందిని దోషులుగా తేల్చింది, రాజుగారికి ఏడేళ్ల జైలు విధించింది. వాళ్లు అప్పీలుకు వెళ్లారు, శిక్ష అమలు నిలిచింది. కోర్టు పని కోర్టు చేస్తుంది. మనం చూడాల్సింది ఆ గదుల్లో ఏళ్ల తరబడి సాగిన మాటల్ని.

శిక్షణ తరగతుల్లో నేను సిద్ధాంతాలన్నీ వరసగా చెప్పేవాణ్ణి. 1930ల చివర్లో అయోవాలో కర్ట్ లెవిన్ బృందం పదేళ్ల పిల్లలను చిన్న చిన్న క్లబ్బులుగా విడదీసి మాస్కులు చేయించిన ప్రయోగం చెప్పేవాణ్ణి. పెత్తనం చేసే నాయకుడు గదిలో ఉన్నంతసేపూ పిల్లలు మాస్కులు చకచకా చేశారు, ఆయన గడప దాటగానే పని పడకేసింది. అందరితో కలిసి నిర్ణయాలు తీసుకునే నాయకుడు లేచి వెళ్లినా పని దాదాపు అలాగే సాగింది. 1978లో జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ రాసిన పుస్తకం సంగతీ చెప్పేవాణ్ణి. ఇంత చేస్తే ఇంత ఇస్తానని బేరమాడే నాయకత్వం ఒకటి, నాయకుణ్ణీ అనుచరుణ్ణీ ఇద్దరినీ నైతికంగా పైకి లేపే నాయకత్వం ఇంకొకటి అని ఆయన విడదీశాడు. పైకి ఈ రెండో రకంలా కనిపిస్తూనే లోపల స్వార్థం నింపుకున్న నకిలీ నాయకులుంటారని 1999లో బెర్నార్డ్ బాస్, పాల్ స్టైడిల్‌మయర్ హెచ్చరించారు. నకిలీకీ అసలుకూ మాటల్లో తేడా దొరకదు. ఇద్దరూ పెద్ద కలల గురించే మాట్లాడతారు. కాదన్నవాణ్ణి ఏం చేస్తారన్న చోట తేడా బయటపడుతుంది.

ఇదంతా చెప్పాక క్లాసులో అడిగేవాణ్ణి, "మీ పై అధికారి ఏ రకం?" అని. చేతులన్నీ లేచేవి. తరగతి హుషారెక్కేది. "మీరు ఏ రకం?" అని మాత్రం అడిగేవాణ్ణి కాదు. నాకు నేనూ ఆ ప్రశ్న వేసుకోలేదు. సిద్ధాంతాన్ని ఎదుటివాడి మీద అంటించే చీటీలాగే వాడాను. పాఠాలు చెప్పిన ఏళ్లలో నేను చేసిన పెద్ద పొరపాటు ఇదేనని ఇప్పుడు నమ్ముతున్నాను.

దాన్ని సరిదిద్దుకునే సాధనం కూడా ఆ ఆర్గిరిస్, షాన్‌లే ఇచ్చారు. చాలా చిన్న పని. ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీయండి. ఈమధ్య మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఒక సంభాషణ గుర్తు చేసుకోండి. కుడివైపు ఇద్దరూ పైకి అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఎడమవైపు, ఆ సమయంలో మీ మనసులో మెదిలి మీరు అనకుండా మింగేసిన మాటలు రాయండి.

రిటైరవడానికి రెండేళ్ల ముందు ఒక రాత్రి కూర్చుని నేను ఆ పని చేశాను. ఆ ఫీల్డ్ ఆఫీసరుతో నా సంభాషణ రాశాను. కుడివైపు ఇలా ఉంది.

"ఎంతవరకు వచ్చింది?"

"డెబ్భై దాటింది సార్. మిగతావాళ్లకు మిల్లు నుంచి ధాన్యం డబ్బు ఇంకా అందలేదు."

"తొంభై కావాలయ్యా. ఎలా చేస్తావో చూడు."

"సరే సార్."

ఇందులో పట్టుకోవడానికి తప్పు దొరకదు. ఏ విచారణాధికారి ముందు పెట్టినా నేను గట్టెక్కుతాను. ఎడమవైపు రాయడానికి గంటకు పైగా పట్టింది. "జోనల్ మీటింగులో బ్రాంచీల పేర్లు వరసగా చదువుతారు, నా పేరు అడుగున ఉండకూడదు. ఈ ఏడాది ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది. డబ్బు అందని రైతు దగ్గర వసూలు కాదని నాకు తెలుసు, కాగితం తిరగరాయడం తప్ప ఈ కుర్రాడికి దారి లేదనీ తెలుసు. అడగకుండా ఉంటే నాకు తెలియనట్టే లెక్క." ఆఖరి వాక్యం రాశాక కలం కింద పెట్టేశాను.

నా ఉద్యోగమంతటిలో ఎవరి దగ్గరా ఒక్క రూపాయి ముట్టలేదు. అదే నీతి అనుకుని ధీమాగా ఉండేవాణ్ణి. లిండా ట్రెవినో అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు దీని గురించి చాలా సూటిగా రాశారు. నాయకుడు నీతిమంతుడైతే సగం పనే అయినట్టు. తాను మంచివాడిగా ఉండటంతోపాటు, నీతి గురించి కిందివారితో పైకి మాట్లాడాలి. దేనికి మెచ్చుకుంటాడో, దేనికి శిక్షిస్తాడో, అంకె ఎలా వచ్చిందని అడుగుతాడో లేదో, వీటన్నిటిలో ఆ నీతి కనబడాలి. అలా కనబడకపోతే కిందివాళ్లు తమ నాయకుడికి ఫలితం తప్ప మరేదీ పట్టదనుకుంటారు. నా కుర్రాడు అలాగే అనుకున్నాడు. అతని తప్పేమీ లేదు.

ఆ కాగితం రాసిన కొన్నాళ్లకు అతనికి ఫోన్ చేశాను. అప్పటికి అతనూ పెద్ద హోదాలోనే ఉన్నాడు. సంగతంతా చెప్పి, క్షమించమని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "మీరు ఎలా చేస్తావో చూడు అన్నారంటే నాకు అర్థమైపోయింది సార్. ఇప్పుడు నేనూ మావాళ్లతో ఆ మాటే అంటున్నాను."

1970లో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ అనే ఆయన సేవక నాయకత్వం అన్న భావనను ముందుకు తెచ్చాడు. టెలిఫోన్ కంపెనీలో జీవితమంతా పనిచేసి వచ్చిన మనిషి. ఆయన పెట్టిన పరీక్ష ఒకటుంది. నీ కింద పనిచేసినవాళ్లు మనుషులుగా ఎదిగారా? సమాజంలో అందరికంటే అడుగున ఉన్నవాడికి నీవల్ల మేలు జరిగిందా, కనీసం కీడైనా జరగకుండా ఉందా? ఆ ఫోన్ పెట్టేశాక ఈ రెండు ప్రశ్నలకూ నా దగ్గర జవాబు లేదు. మన రాష్ట్రంలో ఆ రెండో ప్రశ్నకు తలెత్తి జవాబు చెప్పగలిగిన అధికారి ఎవరంటే నాకు ఎస్.ఆర్.శంకరన్‌గారు గుర్తొస్తారు. సాంఘిక సంక్షేమ శాఖలో, వెట్టిచాకిరీ విముక్తిలో ఆయన చేసిన పని తెలిసినవాళ్లు ఇప్పటికీ ఆ పేరు చెబితే చేతులు జోడిస్తారు. ఆయన పద్మభూషణ్ వద్దన్నారు.

ఇక భయం గురించి చెప్పాలి, ఎందుకంటే అన్నిటికీ మూలం అక్కడుంది. 1990ల్లో అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించారు. బాగా కలిసికట్టుగా పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుని మొదలుపెట్టారు. లెక్క తీస్తే తలకిందులైంది, మంచి బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, అక్కడి నర్సులు జరిగిన పొరపాటును పైకి చెబుతున్నారు. తిట్లు తినే వార్డుల్లో దాచేస్తున్నారు. దాచిన చోట రిజిస్టరు మాత్రం శుభ్రంగా ఉంది. నా బ్రాంచి రికవరీ రిజిస్టరు లాగా.

సత్యం ఉదంతం తర్వాత కంపెనీల చట్టం 2013లో మారింది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీల్లో ఉద్యోగులు అక్రమాల మీద ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు తప్పనిసరి చేశారు. చాలా అవసరమైన చట్టం. కానీ ఫిర్యాదు పెట్టె గోడమీద ఉంటుంది. అందులో చీటీ వేసిన మనిషిని మర్నాడు గదిలో ఎలా చూస్తారన్నది ఏ చట్టమూ రాయలేదు.

భయం లేకుండా నిజం చెప్పగలిగే గది ఎలా ఉంటుందో చూడాలంటే మనం శ్రీహరికోట దాకా వెళ్తే చాలు. 1979 ఆగస్టు 10న మన మొదటి ఉపగ్రహ వాహక రాకెట్టు ఎస్.ఎల్.వి-3 బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ పత్రికలవాళ్ల ముందు తానే కూర్చుని వైఫల్యాన్ని తన నెత్తిన వేసుకున్నారు. 1980 జూలై 18న రెండోసారి ప్రయోగించి రోహిణిని కక్ష్యలో పెట్టినప్పుడు, మీరే వెళ్లి మాట్లాడండి అని కలాంను ముందుకు పంపారు. కలాం స్వయంగా ఎన్నో సభల్లో చెప్పిన సంగతి ఇది, మీరంతా విన్నదే.

సాధారణంగా కథ ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం ఆ రెండు తేదీల మధ్య ఉన్న పదకొండు నెలలు ముఖ్యం. ప్రయోగానికి నిమిషాల ముందు కంప్యూటర్ ఆగమన్నా, నిపుణులను అడిగి, దాన్ని పక్కనపెట్టి రాకెట్టును వదిలినట్టు కలాం దాచకుండా చెప్పుకున్నారు. ఎవరి కారణంగా, ఏ భాగం కారణంగా పోయిందో లోపల విడదీసి చూశారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోయిందని తేల్చారు. బయట ప్రపంచం నుంచి మనుషుల్ని కాపాడటం, లోపల నిజాన్ని వదలకుండా తవ్వడం, ధావన్ రెండూ చేశారు. మొదటిది మాత్రమే చేసే నాయకులు మనకు చాలామంది ఉన్నారు. మనవాడే కదా అని కప్పిపుచ్చడాన్ని వాళ్లు ధావన్ కథతో సమర్థించుకుంటారు. అది ఆయనకు చేసే అన్యాయం.

ఆర్గిరిస్ చెప్పినదే ఇంకొక్కటి ఉంది. తప్పును సరిదిద్దుకోవడంలో రెండు మెట్లున్నాయంటాడు ఆయన. మన పొలాల మీదుగా చెబితే సులువుగా తెలుస్తుంది. బోరు మోటారుకు ఆటో స్టార్టర్ బిగిస్తారు. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, మోటారు తనంతట తాను తిరుగుతుంది. దాని పని అది తప్పకుండా చేస్తుంది. చేనుకు ఇప్పుడు నీళ్లు కావాలా, బోరులో నీళ్లున్నాయా అని మాత్రం అడగదు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, భూగర్భజలం అడుగంటుతుందని ఆ ఆటో స్టార్టర్లు తీసేయమని రైతుల్ని కోరారు. సంస్థల్లోనూ అంతే. రికవరీ తగ్గితే ఇంకా గట్టిగా వసూలు చేయండి అనడం మొదటి మెట్టు. మిల్లు డబ్బే అందని రైతుకు మార్చి 31 గడువేమిటి, తొంభై అన్న అంకె ఎవరు పెట్టారు అని అడగడం రెండో మెట్టు. ఇప్పుడు బ్యాంకుల్లో మొండిబాకీని కంప్యూటరే గుర్తిస్తోంది, నా రోజుల్లోలాగా దాచడం కష్టం. అయినా రెండో మెట్టు ప్రశ్న జోనల్ మీటింగులో అడిగే మేనేజరు ఈనాటికీ అరుదే. అడిగితే ఏమవుతుందో అతనికి తెలుసు.

అందుకే ఈ కార్యక్రమం వింటున్నవారిలో ఎవరికి పదిమంది మీద చిన్న అధికారమున్నా వారికి నా విన్నపం ఒకటి. మీరు స్కూలు హెడ్మాస్టరు కావచ్చు, సహకార సంఘం కార్యదర్శి కావచ్చు, ఆసుపత్రి వార్డు ఇన్‌ఛార్జి కావచ్చు, అమెరికాలో ఒక చిన్న టీముకు లీడ్ కావచ్చు. ఈ వారంలో ఒక రాత్రి ఆ నిలువు గీత కాగితం రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు. మర్నాడు మీ దగ్గర అందరికంటే చిన్న ఉద్యోగంలో ఉన్నవారిని పిలిచి కూర్చోబెట్టి, "నాకు చెప్పడానికి మీరంతా భయపడుతున్న సంగతి ఏమైనా ఉందా అమ్మా?" అని అడగండి. మొదటిరోజు ఏమీ లేదు సార్ అంటారు. మళ్లీ వారం అడగండి. చెప్పిన రోజున వెంటనే సంజాయిషీ ఇవ్వకండి, ఎవరన్నారని ఆరా తీయకండి. కుర్చీలో అలాగే కూర్చుని, వారు చెప్పేది చివరిదాకా వినండి.